వ్యాపారం డీడ్‌నీ వీలునామానీ ఒకే మాట మీదకి తేవడం ఎలా

మండపేట దగ్గర ఒక రైస్ మిల్లు అనుకోండి. పెద్దాయన వీలునామాలో మిల్లు పెద్దబ్బాయికి, పొలం చిన్నబ్బాయికి, ఊళ్లో డాబా అమ్మాయికి అని రాసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ కూడా చేయించారు. వినడానికి ఏ పేచీ లేదు. కానీ మిల్లు కట్టిన ఎకరం స్థలం ఆయన భార్యకి పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. మిషనరీ అంతా ఫర్మ్ (భాగస్వాముల సంస్థ) పేరున ఉంది, ఆ ఫర్మ్‌లో ఆయన తమ్ముడికి సగం. డాబా కాగితాలేమో మిల్లు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అంటే వ్యాపారానికి వాడుకునే అప్పు పరిమితి) కోసం బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. ఇప్పుడు చెప్పండి, ఆ వీలునామాతో పెద్దబ్బాయికి వచ్చిందేమిటి, అమ్మాయికి వచ్చిందేమిటి?

డీడ్, అంటే ఫర్మ్‌లో భాగస్వాముల ఒప్పంద పత్రం, ఆడిటర్ గారు రాయించారు, వీలునామా దస్తావేజు లేఖరి రాశారు, ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు, అంతే. రైస్ మిల్లైనా, భీమవరం వైపు రొయ్యల చెరువులూ ఫీడు షాపైనా, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారమైనా, కడియంలో నర్సరీ అయినా వరస ఇదే. కింద చెప్పే పనుల్లో సగం పైగా లాయరు దగ్గరికి వెళ్లకముందే మీరు ఇంట్లో కూర్చుని చేసుకోగలిగినవి, చేసుకునే వెళ్లండి, లేకపోతే ఆయన అడిగే ప్రతి ప్రశ్నకీ ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తుంది.

ముందు పేర్ల పట్టీ

ఒక పొడుగు నోటు పుస్తకం తీసుకోండి. ఎడమ పక్క వ్యాపారానికి సంబంధించిన ప్రతి వస్తువూ, కుడి పక్క కాగితం మీద అది ఎవరి పేరున ఉందో రాయండి. మీ మనసులో అది ఎవరిదో రాయకండి, కాగితం ఏం చెబుతోందో అదే రాయండి. స్థలం, షెడ్డు, గోడౌన్, మిషనరీ బిల్లులు, లారీ ఆర్‌సీ, కరెంటు మీటరు, జీఎస్టీ, ఆహార లైసెన్సు, బాయిలర్ ఉంటే దాని కాగితాలు, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాలు, లోన్లు, హామీ సంతకాలు. స్థలాలకి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లూ తాకట్లూ చూపే సర్టిఫికెట్) తీయించండి. చెరువులైతే లీజు ఎవరి పేరున రాశారో, ఎన్నాళ్లకి రాశారో, రాసిన మనిషి పోతే లీజు సంగతేమిటో ఆ కాగితంలోనే వెతకండి.

చాలామంది మర్చిపోయేది బస్తా మీద బ్రాండు. డెల్టాలో బియ్యం బస్తా మీద పేరుకీ బొమ్మకీ ఉన్న విలువ ఒక్కోసారి మిషనరీకి కూడా ఉండదు. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించారా? చేయిస్తే మీ పేరునా, ఫర్మ్ పేరునా? రేపు అన్నదమ్ములు విడిపోయి ఇద్దరూ అదే బొమ్మతో బస్తాలు కుట్టించడం మొదలుపెడితే విజయవాడ షావుకారు ఎవరి సరుకు కొనాలి? బ్రాండు ఎవరిదో డీడ్‌లో ఒక లైను ఉండాలి.

ఇంకోటి, ఫర్మ్ పుస్తకాల్లో ఇంట్లోవాళ్ల పేరున ఉండే డబ్బు. మీ ఆవిడ పుట్టింటి డబ్బు, అమ్మాయి పెళ్లికి ముందు పోగేసింది, ఎప్పుడో మిల్లులో వేసి వడ్డీ రాసుకుంటూ ఉంటారు. అది ఫర్మ్ ఇంట్లోవాళ్లకి తీర్చాల్సిన బాకీ, మీ ఆస్తి కాదు, మీరు వీలునామాలో పంచేది కాదు. లెక్క తేల్చి సంతకాలు పెట్టించి ఉంచండి.

ఈ పట్టీ పూర్తయ్యేసరికి మీరు మీదే అనుకున్న వాటిలో కొన్ని మీవి కావని తేలుతుంది. స్థలం ఆవిడ పేరున ఉంటే మీ వీలునామా దాన్ని తాకలేదు. ఆవిడ కూడా వీలునామా రాయాలి, లేదా ఫర్మ్‌కి సరైన లీజు రాయాలి. మన ఇళ్లలో వీలునామా అంటే మగాళ్ల పని అనుకుంటారు కానీ, పసుపు కుంకుమ పొలాల మీద నడుస్తున్న వ్యాపారాలు ఇన్ని ఉన్న చోట ఆడవాళ్ల వీలునామాయే ఎక్కువ అవసరం. ఆవిడ రాయకుండా పోతే ఆ స్థలం మీకూ పిల్లలందరికీ సమానంగా వస్తుంది, మిల్లు ఒకరిది, మిల్లు కింద నేల నలుగురిది అవుతుంది.

పిత్రార్జితమా, స్వార్జితమా?

దీన్ని లాయరుతోనే తేల్చుకోండి, కానీ రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే మీరు వీలునామా రాయగలరు, మొత్తం మీద రాయలేరు. రెండోది ఆడపిల్లల సంగతి. మన ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటా చట్టం మారింది, 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు కూతురికి ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నది చూడక్కర్లేదని చెప్పేసింది. "కట్నం ఇచ్చి పంపాం కదా" అన్న మాట కోర్టులో నిలబడదు. అమ్మాయి నిజంగానే వదులుకుంటానంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు కావాలి. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాలు ఉంటే అవీ తీసుకెళ్లి లాయరుకి చూపించండి, స్థిరాస్తి విషయంలో వాటికి ఎంత బలం ఉందో ఆయన చెబుతారు.

అసలు వీలునామా లేకపోతే? మీ స్వార్జితం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, బతికి ఉంటే మీ అమ్మగారికి, తలా ఒక వాటా. అమ్మగారి వాటా సంగతి చాలామందికి గుర్తుండదు. ఇదంతా హిందూ వారసత్వ చట్టం. క్రైస్తవ కుటుంబాలకి 1925 నాటి భారత వారసత్వ చట్టం. ముస్లింలు మిగతా వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకి మించి వీలునామా రాయలేరు, అందులోనూ వారసుడికే రాస్తే సాధారణంగా మిగతావాళ్లు ఒప్పుకోవాలి.

వ్యాపారం ఏ రూపంలో ఉంది?

మీ ఒక్కరి పేరునే ఉంటే, అంటే ప్రొప్రైటర్ అయితే, చట్టం దృష్టిలో వ్యాపారమూ మీరూ ఒకటే. మీతోపాటు పాన్ పోతుంది, జీఎస్టీ నంబరు పోతుంది. నడిపించే వారసుడు కొత్త రిజిస్ట్రేషన్ తీసుకుని, పాత ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ని (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీకి వచ్చే జమని) ఐటీసీ-02 ఫారంతో తన ఖాతాలోకి తెచ్చుకోవాలి. పాత పన్ను బాకీ ఉంటే అదీ అతని నెత్తినే. నా మాట వింటే, టర్నోవర్ కాస్త పెద్దదైన ఏ వ్యాపారాన్నీ ప్రొప్రైటర్‌గా ఉంచి వీలునామా మీద ఆధారపడకండి.

పార్ట్‌నర్‌షిప్ అయితే అసలు తిరకాసు ఇక్కడ ఉంది. 1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం, డీడ్‌లో వేరేగా రాసుకోకపోతే ఒక భాగస్వామి చనిపోగానే ఫర్మ్ రద్దవుతుంది. కాబట్టి "మరణంతో ఫర్మ్ రద్దు కాదు" అన్న క్లాజు ఉందో లేదో ఈ రోజే చూడండి. ఉన్నా సరే, ఫర్మ్‌లో ఉన్నది ఇద్దరే అయితే ఆ క్లాజు పనిచేయదు. ఇద్దరిలో ఒకరు పోతే మిగిలేది ఒక్కరు, ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు, సుప్రీంకోర్టు 2019లో కూడా ఈ మాటే చెప్పింది. తండ్రీ పెద్దకొడుకూ ఇద్దరే ఉన్న ఫర్మ్‌లు, అన్నదమ్ములిద్దరే ఉన్న ఫర్మ్‌లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మీరు ఆరోగ్యంగా ఉండగానే మూడో మనిషిని, భార్యనో కోడలినో అమ్మాయినో, చిన్న వాటాతోనైనా చేర్చండి. చేర్చాక రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర మార్పు నమోదు చేయించండి. రిజిస్టర్ కాని ఫర్మ్ బాకీదారు మీద దావా కూడా వేయలేదు.

ఫర్మ్ ఆస్తిలో ఫలానా షెడ్డు నాది, ఫలానా డ్రయ్యర్ నాది అని వీలునామాలో రాయలేరు. భాగస్వామికి ఉండేది లెక్క తేలాక వచ్చే వాటా మాత్రమే. 1966లో అద్దంకి నారాయణప్ప కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది, ఫర్మ్‌కి ఎన్ని ఎకరాలున్నా భాగస్వామి వాటా చరాస్తి కిందికే వస్తుందని. కాబట్టి వీలునామాలో రాయాల్సింది ఫర్మ్‌లో మీ వాటా గురించి.

ప్రైవేటు లిమిటెడ్ అయితే షేర్లు వీలునామాతో వెళ్తాయి, డైరెక్టర్ పదవి వెళ్లదు. షేర్లకి నామినీ పెట్టాం కదా అని ఊరుకోకండి, నామినీ సొంతదారు కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది. బ్యాంకు ఖాతాలకీ నామినీలని సరిచూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా పెట్టుకోవచ్చు. నామినీ ఒకరూ వీలునామాలో ఇంకొకరూ ఉంటే డబ్బు ఒకరి చేతికి వస్తుంది, హక్కు ఇంకొకరిది అవుతుంది, వీధిన పడటానికి అది చాలు.

ఇంట్లో కూర్చుని తేల్చాల్సిన మూడు సంగతులు

నడిపేది ఎవరు, వాటా ఎవరిది, డబ్బు ఎవరికి. ఈ మూడింటినీ కలిపేసి "మిల్లు పెద్దోడిది" అంటేనే చిక్కు. పెద్దబ్బాయి నడపొచ్చు, వాటాలో కొంత అమ్మకి ఉండొచ్చు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే చిన్నబ్బాయికి వాటా వద్దు, దాని బదులు డబ్బో పొలమో కావాలనొచ్చు. పిల్లలని విడివిడిగా అడగండి, అందరినీ కూర్చోబెట్టి అడిగితే ఎవరూ మనసులో మాట చెప్పరు, ముఖ్యంగా అల్లుడు ఎదురుగా ఉంటే అమ్మాయి అసలు చెప్పదు.

ఇరవై ఏళ్లుగా జీతం లేకుండా మిల్లు చూసుకుంటున్న కొడుకు ఉంటే, ఆ కష్టానికి వీలునామాలో ఎక్కువ వాటా ఇచ్చి సరిపెడదామనుకోకండి. ఇప్పటి నుంచే పుస్తకాల్లో జీతం రాయించండి, భాగస్వామి అయితే రెమ్యూనరేషన్ క్లాజు పెట్టించండి. అప్పుడు వాటాల దగ్గర మిగతావాళ్లకి "వాడికెందుకు ఎక్కువ" అనే అవసరం రాదు.

ఇక ఫర్మ్ నుంచి తీసుకునే వాటాకి కట్టే రేటు, నా లెక్కన గొడవల్లో ఎక్కువ పాలు దీనిదే. చాలా డీడ్‌లలో "పుస్తకాల విలువ ప్రకారం" చెల్లించాలని ఉంటుంది. ఫర్మ్ స్థలాన్ని ఎప్పుడో ఆరు లక్షలకి కొన్నారనుకోండి, బ్యాలెన్స్ షీట్‌లో అది ఈ రోజుకీ ఆరు లక్షలే. రోడ్డు పడి, చుట్టూ లేఅవుట్లు వచ్చి బయట రెండు కోట్లు పలుకుతుంది. వీలునామాలో మీరు "ఫర్మ్‌లో నా వాటా విలువలో సగం అమ్మాయికి" అని ప్రేమగా రాస్తారు, డీడ్ ప్రకారం ఆ అమ్మాయికి ఆరు లక్షల లెక్కన వాటా కట్టి చేతిలో పెడతారు. డీడ్ రాసినవాళ్ల తప్పు లేదు, వీలునామా రాసినవాళ్ల తప్పూ లేదు, అమ్మాయి మాత్రం అన్నయ్య గుమ్మం తొక్కదు. అందుకని స్థలానికి మార్కెట్ రేటా, మిషనరీకి ఏ రేటు, బ్రాండుకి ఏమైనా కడతారా, లెక్క కట్టేది ఎవరు, ఇద్దరు చెరో మాటా చెబితే మూడోవాడు ఎవరు, ఇవన్నీ డీడ్‌లో రాయించండి.

ఎన్నాళ్లలో ఇవ్వాలో కూడా రాయాలి. ధాన్యం కొనుగోళ్ల సీజన్‌లో మిల్లు నుంచి కోటి రూపాయలు ఒకేసారి లాగితే మిల్లు మూతపడుతుంది. వాయిదాలు పెట్టండి, వడ్డీ ఎంతో రాయండి. ఏమీ రాయకుండా, లెక్క తేల్చకుండా మిగతా భాగస్వాములు వ్యాపారం నడిపిస్తూ పోతే, పోయినవాళ్ల వారసులు లాభంలో వాటా గానీ ఏడాదికి 6 శాతం వడ్డీ గానీ, ఏది కావాలంటే అది అడగొచ్చని చట్టమే చెబుతోంది. వాయిదాల భారం తగ్గాలంటే మీ మీద ఒక టర్మ్ పాలసీ (మనిషి పోతే డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకుని, ఆ డబ్బు వాటా తీసుకోని పిల్లలకి వెళ్లేలా ఏర్పాటు చేయడం మంచి పద్ధతి. వయసు పైబడ్డాక అది దొరకదు, దొరికినా ప్రీమియం మోత మోగుతుంది.

అప్పుల పేజీ

డాబా అమ్మాయికని రాశారు, డాబా మిల్లు లోనుకి తాకట్టులో ఉంది. వీలునామాలో వేరేగా చెప్పకపోతే ఆస్తి తీసుకునేవాళ్లు దాని మీదున్న తాకట్టుతో సహా తీసుకున్నట్టే లెక్క. అంటే అన్నయ్య మిల్లు అప్పుకి చెల్లెలి ఇల్లు పూచీ. మీరు అలా కోరుకోలేదు కదా? అయితే రెండు దారులు. బ్యాంకుతో మాట్లాడి ఇంటి బదులు వేరే ఆస్తి తాకట్టు పెట్టండి, లేదా "ఈ అప్పు ఫర్మ్ వాటా తీసుకునే పెద్ద కుమారుడే తీర్చవలెను, ఇల్లు విడిపించి ఇవ్వవలెను" అని వీలునామాలో రాయండి. మొదటిదే గట్టిది, ఎందుకంటే బ్యాంకుకి మీ వీలునామాతో పనిలేదు, వాళ్లకి తాకట్టు ముఖ్యం. ఎవరెవరు హామీ సంతకాలు పెట్టారో ఆ పట్టీ కూడా అందరికీ తెలియాలి. పౌరసరఫరాల సంస్థకి ధాన్యం ఆడించి ఇచ్చే మిల్లైతే బ్యాంకు గ్యారంటీ ఎంత, ఎప్పటికి ముగుస్తుంది అన్నది కూడా అందులో రాయండి.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన

ముందు డీడ్ మార్చండి, ఆ తర్వాతే వీలునామా. డీడ్‌లో ఇలాంటి మాట ఉండాలి:

"ఏ భాగస్వామి మరణించినను ఫర్మ్ రద్దు కాదు. మరణించిన భాగస్వామి తన వీలునామాలో పేర్కొన్న వ్యక్తి ఆరు నెలల లోపు భాగస్వామిగా చేరవచ్చును, అందుకు మిగిలిన భాగస్వాములు ఇందుమూలముగా సమ్మతించుచున్నారు. చేరనిచో మరణ తేదీ నాటికి ఆ వాటా విలువను దిగువ విలువ కట్టు పద్ధతి ప్రకారం నిర్ణయించి, ఎనిమిది త్రైమాసిక వాయిదాలలో చెల్లించవలెను."

దానికి జోడీగా వీలునామాలో:

"ఫలానా ఫర్మ్‌లో నాకు గల వాటాను, నా మూలధనం ఖాతా నిల్వతో సహా, ఫలానా తేదీ గల భాగస్వామ్య పత్రము, తదుపరి సవరణల షరతులకు లోబడి నా పెద్ద కుమారునికి ఇచ్చుచున్నాను. అతడు చేరని పక్షమున, ఆ పత్రము ప్రకారం వచ్చు సొమ్ము నా భార్యకు చెందవలెను."

చూడండి, ఒకదాని తేదీ ఇంకోదాంట్లో ఉంది, అబ్బాయి వద్దంటే ఏం జరగాలో రెండింట్లోనూ ఉంది. వాటాలో "50 శాతం" అని అంకె వేయకుండా "నాకు గల వాటా" అన్నాం, రేపు వాటాలు మారినా వీలునామా చెల్లుతుంది. లాయరు మీ సంగతికి తగ్గట్టు మారుస్తారు, ఆడిటర్‌నీ లాయరునీ ఒకే రోజు ఒకే గదిలో కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది. కష్టమే, ఇద్దరికీ ఖాళీ ఉండదు, కనీసం డ్రాఫ్టులు వాట్సాప్‌లో ఒకరివి ఒకరికి పంపించండి.

బతికుండగానే గిఫ్ట్ రాసిచ్చేద్దాం, వీలునామా గోలెందుకు అనేవాళ్లున్నారు. ఒకసారి రిజిస్టర్ చేసి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. నన్ను చూసుకోవాలి అన్న షరతు అందులో రాస్తే, చూసుకోని పక్షంలో 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద రద్దు అడగొచ్చు, షరతు రాయకపోతే మాత్రం తిప్పలే. వాటాలో కొంత ఇప్పుడు ఇచ్చి, పెద్ద భాగం వీలునామాకి ఉంచుకోవడం నాకు నచ్చే దారి.

సంతకాలు

వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఆంధ్రలో ప్రొబేట్ (వీలునామాని కోర్టులో ధ్రువీకరించుకోవడం) కూడా తప్పనిసరి కాదు. అయినా రిజిస్టర్ చేయించండి. తప్పనిసరిగా ఉండాల్సింది ఇద్దరు సాక్షులు, మీరు సంతకం పెట్టడం చూసి, మీ ముందే వాళ్లూ సంతకం పెట్టాలి. రేపు కోర్టుకొచ్చి చెప్పగలిగేవాళ్లని చూసుకోండి, మీకంటే చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉండేవాళ్లు, వీలునామాలో పైసా రానివాళ్లు. మీ వయసు డెబ్బై దాటితే ఆ రోజే డాక్టరు సర్టిఫికెట్ తీసుకోండి. ఎగ్జిక్యూటర్‌గా, అంటే వీలునామాని అమలు చేసే మనిషిగా, మిల్లు నడిపే కొడుకునే పెట్టకండి, వాటా విలువ కట్టేదీ చెల్లించేదీ అతనే అయితే మిగతావాళ్లకి అనుమానం రాక మానదు.

మొదటి నెల

పెద్దకర్మ అయ్యేలోగా కూడా హమాలీలకి కూలి ఇవ్వాలి, రైతుకి ధాన్యం డబ్బు వేయాలి. జీపీఏ (నా తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) రాసిచ్చాను కదా అనుకుంటారు, మీరు పోగానే జీపీఏ చచ్చిపోతుంది. కాబట్టి ఫర్మ్ ఖాతాలో ఇంకో భాగస్వామి ఒక్కరే సంతకం పెట్టి నడపగలిగే ఏర్పాటు ఇప్పుడే చేయించండి, అయినా బ్యాంకు పాత సీసీ ఖాతా ఆపి కొత్తది తెరవమనొచ్చు, అందుకని మీ తర్వాత ఎవరో మేనేజరుకి ముందే పరిచయం చేయండి. లైసెన్సులు ఒక్కరి పేరున ఉంటే వాటి గడువులు చూసుకోవాలి, ఆహార లైసెన్సు వారసుల కోసం 90 రోజులు నిలుస్తుంది, ఆ లోపు మార్పించుకోవాలి. ఇంటివాళ్లు మొదటి వారంలోనే మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ పని మొదలుపెట్టాలి, ఎక్కడికెళ్లినా ముందు అడిగేవి అవే.

మళ్లీ ఎప్పుడు తెరిచి చూడాలంటే: కొత్త లోను తీసుకున్నప్పుడు, భాగస్వామి చేరినా వెళ్లినా, స్థలం కొన్నా అమ్మినా, ఇంట్లో పెళ్లో విడాకులో చావో జరిగినప్పుడు. డీడ్ మార్చిన వారంలోనే వీలునామా బయటికి తీయండి. చిన్న మార్పైతే అనుబంధ వీలునామా చాలు, దానికీ ఇద్దరు సాక్షులు కావాలి. పెద్ద మార్పైతే కొత్తది రాసి పాతది రద్దని అందులోనే చెప్పండి. ఒరిజినల్‌ని మీ ఒక్కరి పేరునున్న లాకర్‌లో పెట్టకండి, ఆ లాకర్ తెరిపించడానికే బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తుంది. జిల్లా రిజిస్ట్రార్ దగ్గర సీలు కవరులో డిపాజిట్ చేసే వీలుంది, లేదా లాయరు దగ్గర ఉంచండి, ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కీ మీ ఆవిడకీ చెప్పండి, పేర్ల పట్టీ నకలు ఒకటి ఆడిటర్ గారికి ఇవ్వండి.